చుక్కానికి మూడు మాట్లు

దత్తాత్రేయ నోరు తెరిస్తే గోదావరి రెండడుగులు పెరుగుతుందని రాజమండ్రి రేవులో అనుకునేవారు. ముప్పై నాలుగేళ్లు లాంచీ సరంగుగా పనిచేసిన మనిషి. రాజమండ్రి నుంచి కూనవరం దాకా నదిలో ఎక్కడ ఇసుకమేట ఉందో, ఎక్కడ సుడి ఉందో కళ్లు మూసుకుని చెప్పగలడు. అది నిజం. పాపికొండల దగ్గర డీజిల్ అయిపోతే ఒక మొసలి లంగరు తాడు నోట కరుచుకుని లాంచీని పోలవరం దాకా లాక్కొచ్చిందనీ, దిగేటప్పుడు ప్రయాణికులు వరసగా నిలబడి దానికి దండం పెట్టి వెళ్లారనీ కూడా ఆయనే చెప్పాడు. అదేమిటో మీరే తేల్చుకోండి.

ఆ సరంగుగారు 1984 వేసవిలో సముద్రాలు దాటి సన్నీవేల్‌లో కూతురు రాధారాణి ఇంటికి వచ్చి దిగాడు. అల్లుడు జగదీష్ కంప్యూటర్ చిప్పులు తయారుచేసే చోట ఇంజనీరు. వారానికి అయిదు రోజులు మాత్రమే ఇంజనీరు. మిగిలిన రెండు రోజులూ నీళ్ల మనిషి.

ఆ ఇంట్లో కారు ఎండలో ఉండేది, గరాజ్‌లో నీళ్లమీద జారే స్కీలు ఉండేవి. గోడ పొడవునా పలకలు, మేకులకు తాళ్ల చుట్టలు, పట్టుకునే పిడులు, తడి ఆరని లైఫ్ జాకెట్లు. జగదీష్ మొదట్లో నేర్చుకున్న వెడల్పాటి చెక్క స్కీల జత ఇప్పుడు పెరట్లో ఉంది. వాటిమీద రాధారాణి మినప వడియాలు పెట్టుకుంటోంది. గిన్నెలు తోమే సబ్బునీళ్ల సీసాలు ఆమె వారానికి రెండు కొనాలి. ఒకటి వంటింటికి, ఒకటి కాళ్లకి. స్కీకి బిగించి ఉండే రబ్బరు బూటు ఎంత బిగుతుగా ఉంటుందంటే, సబ్బు పట్టిస్తే తప్ప పాదం లోపలికి పోదు.

“మా ఇంట్లో గిన్నెల కంటే కాళ్లే శుభ్రంగా ఉంటాయి నాన్నా,” అంది ఆమె తండ్రితో, వచ్చిన రోజునే.

ఆట సంగతి జగదీష్ మామగారికి గరాజ్ నేలమీద సుద్దముక్కతో గీసి చెప్పాడు. బోటు నడిమధ్యన తిన్నగా పోతుంది. దాని వెనక తాడు పట్టుకుని మనిషి ఒకే పలకమీద, ఒక పాదం ముందు, ఒక పాదం వెనక పెట్టుకుని నిలబడతాడు. నీళ్లమీద అటు మూడు, ఇటు మూడు నారింజరంగు బంతులు కట్టి ఉంటాయి. మనిషి అటూ ఇటూ కోసుకుంటూ పోయి ఆరింటినీ బయటినుంచి చుట్టి రావాలి. ఒక్కటి తప్పినా, పడినా అక్కడితో సరి. ఆరూ చుట్టి వస్తే బోటు వేగం పెంచుతారు. వేగం ఇక పెంచడానికి లేకపోతే తాడు కురచ చేస్తారు. చివరికి తాడు బంతిదాకా అందదు, అప్పుడు మనిషి ఒళ్లంతా చాచి అందుకోవాలి.

“ఇందులో వింతేముందండీ అల్లుడుగారూ? యాభైమూడు వరదలో నేను తలుపు చెక్కమీద నిలబడి, లాంచీ వెనక తాడు కట్టించుకుని ధవళేశ్వరం దాకా ఊళ్లకి పెరుగన్నం పొట్లాలు పంచానండి. ఒక చేత్తో తాడు, ఒక చేత్తో బుట్ట. ఆయ్!”

“పొట్లాలు తడవలేదా మావయ్యగారూ?”

“తడిస్తే ఆ ఊళ్లవాళ్లు ఊరుకుంటారా?”

జగదీష్ నవ్వి, ఆ నవ్వు ఆగకముందే ఒక సంగతి చెప్పాడు. “మా స్కీవాళ్లలో ఒక పద్ధతుందండి. ఎవరి స్కీ వాళ్లదే. పక్కవాడి స్కీకి స్క్రూ కూడా బిగించకూడదు. కింద ఉండే ఈ ఫిన్ అయితే మరీనూ, వేలు కూడా పెట్టకూడదు. ఆవగింజంత కదిలినా మనిషి మొహంమీద పడతాడు. మా ఇంట్లో ఎవరైనా ముట్టుకుంటే నెలరోజులు తడితాళ్లు చుట్టాలి. రేణు ఒకసారి చుట్టింది. నేను రెండుసార్లు చుట్టాను.”

రేణు మనవరాలు. పద్నాలుగేళ్లది. తాత కంటే బెత్తెడు పొడుగు. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే మాత్రం మాటల కొసలు నీళ్లలో పడిపోయినట్టు ఉంటాయి. ఆ పిల్లకి గంటకు ముప్పై మైళ్ల వేగం దగ్గర ఒక గండం ఉంది. మూడు బంతులు చక్కగా చుట్టేది. నాలుగో బంతి దగ్గర తిరగగానే పలక వెనకభాగం జారిపోయేది, పిల్ల దబ్బున పడేది. మే నెలలో అలాగే పడి మణికట్టు బెణికి రెండు వారాలు కట్టుతో తిరిగింది. ఇప్పుడు ఆగస్టులో పోటీ. ఆ పిల్లకి మొదటి పోటీ అది.

పోటీ ఆదివారం అనగా గురువారం మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. దత్తాత్రేయకి తోచలేదు. గరాజ్‌లోకి వెళ్లాడు. రేణు స్కీ బల్లమీద బోర్లా పడుకోబెట్టి ఉంది. దాని తోక దగ్గర అరచేతిలో సగం ఉండే లోహపు రేకు నిలువుగా బిగించి ఉంది. జగదీష్ చెప్పిన ఫిన్ అదే. సరంగు కంటికి అది చుక్కాని. ఆ చుక్కాని మధ్యలో, ఒకదాని పక్కన ఒకటి, చింతగింజంత చిల్లులు మూడు ఉన్నాయి.

ముప్పై నాలుగేళ్లలో నీళ్లలో దిగే వస్తువుకి చిల్లి కనబడితే ఆయన అన్నం ముందు కూర్చోలేదు. పడవకి కానీ, లాంచీకి కానీ, తెడ్డుకి కానీ చిల్లి అంటే మాటు పడాల్సిందే. మూడు చిల్లుల చుక్కాని కట్టుకుని పసిపిల్ల నీళ్లలోకి దిగుతుంటే వెనకభాగం జారక ఏమవుతుంది? ఇంతమంది ఇంజనీర్లున్న ఊళ్లో ఒక్కడి కంటికి ఇది ఆనలేదా?

అల్లుడు చెప్పిన పద్ధతి గుర్తుకు రాకపోలేదు. కానీ ముట్టుకోవడం వేరు, మాటు వేయడం వేరని ఆయన తనకి తానే తీర్పు చెప్పుకున్నాడు.

అటకమీద రెండు రంగుల ముద్దలు దొరికాయి. రెండూ కలిపి పిసికితే గంటలో రాయిలా గట్టిపడతాయి. కిందటివారం జగదీష్ వాటితోనే నల్లా గొట్టానికి మాటు వేయడం చూశాడు. చిల్లుల అంచులు ఆకురాయితో గరుకు చేశాడు. ముద్ద కూరాడు. రెండువైపులా బొటనవేలితో అదిమాడు. గట్టిపడ్డాక గరుకు కాగితంతో రుద్ది రుద్ది, రేకెక్కడ ఆగిందో మాటెక్కడ మొదలైందో తెలియనంత నున్నగా చేశాడు. చేతులు కడుక్కుని వడియాలు తిరగేశాడు. వచ్చి మూడు నెలలైంది. అంత సంతోషంగా ఆ ఇంట్లో ఏ పూటా గడవలేదు.

చెబితే తాళ్లు చుట్టాలి. పిల్ల నెగ్గాక చెబుదాం, అప్పుడు తాళ్లు కాదు, దండలు పడతాయి అనుకున్నాడు.

ఆదివారం చీకటితోనే లేచారు. గాలి లేవకముందు నీళ్లు అద్దంలా ఉంటాయని స్కీవాళ్లు కోడికంటే ముందు లేస్తారు. రెండు గంటలు డ్రైవ్ చేసి, స్టాక్టన్ దాటాక, మొక్కజొన్న చేల మధ్య ఈ ఆటకోసమే తవ్వించిన పొడవాటి చెరువు దగ్గర ఆగారు. గట్టుమీద నలభై కార్లు. రాధారాణి చెట్టు కింద దుప్పటి పరిచి పులిహోర గిన్నె మధ్యలో పెట్టింది. జగదీష్ రేణుని తీసుకుని రేవువైపు పోయాడు.

దత్తాత్రేయ చేతులు వెనక్కి కట్టుకుని గట్టుమీద షికారు బయలుదేరాడు. గడ్డిమీద పోటీవాళ్ల స్కీలన్నీ బోర్లా పడుకోబెట్టి ఉన్నాయి. మొదటిదాని చుక్కానికి మూడు చిల్లులు. అయ్యో పాపం అనుకున్నాడు. రెండోదానికి నాలుగు. మూడోదానికి మూడు. ఈ దేశంలో ఒక్కడైనా సరుకు చూసి కొంటాడా అనుకుంటూ నడిచాడు. ఏడో స్కీ దగ్గర ఆయన నడక మందగించింది. పదో స్కీ దగ్గర ఆగిపోయింది. ఒక లాంచీకి సొట్ట ఉంటే అది సొట్ట. రేవులో ఉన్న లాంచీలన్నిటికీ ఒకేచోట ఒకే సొట్ట ఉంటే?

పక్కనే తెల్ల మీసాలాయన మడతకుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. గ్లెన్. బోటు నడిపేవాడు. తన వంతు ఇంకా రాలేదు. నడిపేవాడు నడిపేవాడిని ఇట్టే పోల్చుకుంటాడు కాబట్టి వాళ్లిద్దరికీ కిందటి నెలలోనే స్నేహం కుదిరింది. దత్తాత్రేయ ఇంగ్లీషు దొరల కాలం లాంచీలలో నేర్చుకున్నది. దానికి క్రియలుండవు.

“గ్లెన్! దిస్ హోల్. వై హోల్?”

గ్లెన్ కాఫీ కింద పెట్టి చేతులతో చెప్పాడు. అరచేయి నిలువుగా పెట్టి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు పోవడం చూపించాడు. చిల్లులుంటే తిరిగేటప్పుడు తోక కాస్త వదులుగా జరుగుతుంది, మనిషి సులువుగా మళ్లుతాడు. చిల్లులు లేకపోతే తోక నీటిని గట్టిగా పట్టేసుకుంటుంది.

“నో హోల్, మ్యాన్ హౌ?” అన్నాడు దత్తాత్రేయ.

అలవాటు లేనివాడు అయితే ఇలా, అని గ్లెన్ అరచేతిని ముందుకి విసిరి, తలకిందులుగా తన కాఫీ కప్పుమీద దింపాడు. తర్వాత నవ్వాడు.

దత్తాత్రేయకి నవ్వు రాలేదు. మే నెలనాటి మణికట్టు కట్టు కళ్లముందు మెదిలింది. అప్పుడు మూడు చిల్లులుండగా పడింది. ఇప్పుడు తను తోకని మేకులేసి బిగించినట్టు బిగించాడు. పరుగులాంటి నడకతో చెట్టు దగ్గరికి వచ్చాడు.

“అమ్మా రాధా, పిల్లని ఆపాలి. చుక్కాని చిల్లులు నేను పూడ్చేశాను.”

రాధారాణి విస్తరాకులాంటి కాగితం పళ్లెంలో పులిహోర పెడుతోంది. “ఏ చుక్కాని నాన్నా? మొసలి లాగిన లాంచీదా?”

“కాదే. రేణు స్కీది. గురువారం.”

“ఆ ముందు వారం మీరు మా లాన్ మూవర్‌తో పామును పరుగెత్తించారు. కూర్చోండి, తినండి. పొద్దున్నుంచి ఏమీ తినలేదు, అందుకే ఇలాంటివి వస్తాయి.”

“ఒట్టే!”

“మొసలికి కూడా ఒట్టే వేశారు.”

ఆయన పళ్లెం అక్కడే వదిలి రేవువైపు పరిగెత్తాడు. జగదీష్ గట్టునుంచి నీళ్లలోకి కట్టిన చెక్కవంతెన మొదట్లో ఒక తాడు చుడుతున్నాడు. రేణు ఆ చివర నీళ్లలో దిగి ఉంది. బూట్లు తొడుక్కుంది, స్కీ నీళ్లలో ఉంది, ముందుకొస మాత్రం పైకి తేలుతోంది.

“అల్లుడుగారూ! తాడు చుట్టడం ఆపండి, ఆ పని నాది. నెలరోజులు కాదు, ఏడాది చుడతాను. పిల్లని పైకి పిలవండి ముందు. ఫిన్ చిల్లులకి మాటు వేశానండి, మూడింటికీ.”

జగదీష్ తలెత్తి మామగారి మొహంలోకి చూశాడు. ఆ మొహం మూడు నెలలుగా ఇంట్లో కథలు చెబుతున్న మొహమే. పెదవి చివర నవ్వు కోసం వెతికాడు. కంగారులో వణుకుతున్న ఆ పెదవి ఆయనకి నవ్వాపుకుంటున్నట్టే కనబడింది.

“మాటు వేసి, దానిమీద ఎక్కి ధవళేశ్వరం వెళ్లొచ్చారా?”

“నవ్వకండి, బాబూ!”

“మావయ్యగారూ, అది నిన్నంతా ప్రాక్టీస్ చేసింది. నేను చూశాను. చాలా బాగా చేసింది. చిల్లులు లేకపోతే రెండో బంతి దగ్గరే తెలిసిపోయేది. మీరు ఊరికే టెన్షన్ పడుతున్నారు. నాకూ కాళ్లు వణుకుతున్నాయి, చూడండి.”

చూపించడానికి స్కీ నీళ్లలో ఉంది. చూపించమని అడగడానికి అల్లుడు వినడంలేదు. బోటు మెల్లగా ముందుకి జరిగి తాడు బిగుసుకోవడం మొదలైంది. గ్లెన్ అప్పటికే నడిపే సీట్లో ఉన్నాడు. ముప్పై నాలుగేళ్లు ఇంజను చప్పుడుని మించి అరిచిన గొంతు అది. దత్తాత్రేయ వంతెన చివరికంటా పరుగెత్తి ఆ గొంతు విప్పాడు.

“రేణూ! వద్దు! దాని చిల్లులు మూసేశాను! నేనే!”

గట్టుమీద వాళ్లందరూ ఇటు తిరిగారు. నీళ్లలో ఉన్న పిల్ల మెడ తిప్పి తాతని చూసింది. తడిసిన జుట్టు మొహంమీద పడి ఉంది.

“ఐ నో, తాతయ్యా!” అని అరిచింది. వెంటనే బోటువైపు తిరిగి, లాగమని చెప్పడానికి స్కీవాళ్లు వేసే కేక వేసింది. “హిట్ ఇట్!”

బోటు దూకింది. పిల్ల నీళ్లని చీల్చుకుని పైకి లేచింది.

ఏం తెలుసు? ఎలా తెలుసు? తెలిసి కూడా దిగిందా? దత్తాత్రేయ వంతెన స్తంభం పట్టుకున్నాడు. గోదావరిలో మనిషి పడితే తల పైకి వచ్చేదాకా ఆయన అంకెలు లెక్కపెట్టేవాడు. ఇప్పుడు పిల్ల పడకముందే లెక్క మొదలుపెట్టాడు.

ఒకటో బంతి. నీటి గోడ ఒకటి లేచి పడింది. రెండు. మూడు. ప్రతిసారీ పిల్ల వాలి, మోచేయి నీళ్లకి తగిలేంత వాలి, మళ్లీ నిటారుగా లేచి బోటు వెనకనుంచి అవతలికి కోసుకుపోతోంది. నాలుగో బంతి ఇటువైపే ఉంది, వంతెనకి దగ్గరగా. దత్తాత్రేయ కళ్లు మూసుకుందామనుకున్నాడు. మూతపడలేదు. తోక జారలేదు. బిగుసుకోనూలేదు. పలక బంతిచుట్టూ మెత్తగా ఒక వంపు గీసింది, అంతే. పక్కన జగదీష్ “ఎస్! ఎస్!” అని ఎగురుతున్నాడు, చుట్టిన తాడంతా వదిలేసి.

అయిదు. ఆరో బంతి దగ్గర పిల్ల ఆలస్యంగా చేరింది. పిడి చేతిలోంచి జారింది. పెద్ద చప్పుడుతో నీళ్లు లేచాయి. బోటులో కూర్చుని చూసేవాళ్లు మనిషి పడిందని నారింజరంగు జెండా ఎత్తారు.

దత్తాత్రేయ లెక్క. ఒకటి, రెండు, మూడు. నాలుగు అనబోతుంటే నీళ్లలోంచి తల వచ్చింది. దాని వెనకే చేయి వచ్చింది. నాకేం కాలేదని చెప్పే చేయి. ఆ చేయి నిటారుగా, గెలిచినవాళ్లు ఎత్తినట్టే ఊగుతోంది.

ఆయన చెక్కలమీద కూలబడ్డాడు. కూలబడి, ఎందుకో తెలియకుండానే ఫకాలున నవ్వాడు. మూడు రోజులుగా పొట్టలో మోస్తున్న మూడు మాట్లూ ఆ నవ్వుతో ఊడిపోయాయి.

రేణు బోటు దిగి, స్కీ చంకన పెట్టుకుని, నీళ్లోడుతూ వంతెనమీదకి వచ్చింది. వచ్చీరాగానే స్కీ బోర్లించి తాత ఒళ్లో పెట్టింది.

చుక్కానిలో రెండు చిల్లులు తెరిచి ఉన్నాయి. మూడోది, పై అంచుకి దగ్గరగా ఉన్నది, నున్నగా పూడ్చి ఉంది. పూడ్చింది ఆయన చేతి మాటే.

“ఫ్రైడే మార్నింగ్ చూశాను తాతయ్యా. ప్రతిరోజూ దిగేముందు థంబ్‌తో ఫిన్ రుద్దుతాను కదా. హోల్స్ లేవు! ఏడుపొచ్చేసింది. ఎవరు చేశారో వెంటనే తెలిసింది. ఇంత నున్నగా డాడీకి రాదు.”

“అయితే ఊడబీకేయకపోయావా?”

“ఫస్ట్ ట్రై చేశా. ట్రక్‌లా ఉంది, తిరగలేదు. బట్ టెయిల్ జారలేదు! సో స్క్రూడ్రైవర్‌తో ఒకటి తీశాను. బెటర్. ఇంకోటి తీశాను. ఇంకా బెటర్. మూడోది తీయలేదు. అది ఉంటేనే నాలుగో బంతి వస్తోంది.”

“మరి చెప్పవేమే! నా ప్రాణాలు పైకి పోయాయి ఇక్కడ.”

“ముందు కోపం వచ్చింది. తర్వాత నువ్వే చెప్తావేమో అని వెయిట్ చేశాను. త్రీ డేస్!” పిల్ల మూడు వేళ్లు చూపించింది. “చెప్పావు. లేట్‌గా. బట్ చాలా లౌడ్‌గా.”

జగదీష్ వంగి ఆ రెండు చిల్లులనీ, ఒక మాటునీ వేలు పెట్టకుండానే పరీక్షగా చూశాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

“మావయ్యగారూ, నిజంగానే వేశారా!”

“బతుకులో ఒక్క నిజం చెబితే, ఇంటిల్లిపాదిలో నమ్మినది ఒక్కతే. అది కూడా ముందే తెలిసి.”

“పద్ధతి పద్ధతేనండి మరి,” అని జగదీష్ కాళ్లకింద చిందరవందరగా పడి ఉన్న తాడు వంక చూశాడు. “ఏడాది అన్నారు ఇందాక.”

దత్తాత్రేయ పంచె ఎగగట్టి, చెక్కలమీదే బాసిపట్టు వేసుకుని కూర్చుని తడితాడు అందుకున్నాడు. మోచేతికి ఒక మెలి, మోకాలికి ఒక మెలి, సరంగుల చుట్ట. గ్లెన్ బోటు ఇంజను ఆపి వచ్చి నిలబడి, అలా చుట్టడం తనకీ నేర్పమన్నాడు. సాయంత్రానికి పోటీలోని తాళ్లన్నీ ఆయన ముందుకే వచ్చాయి. ఒకటి చుడుతుంటే ఇంకొకటి తెచ్చి పెట్టారు. ప్రతి తాడు దగ్గరా ఆయన తన ఇంగ్లీషులో పొద్దున్నటి సంగతి చెప్పాడు. ఒక్క ముక్క పెంచలేదు. పెంచాలని తోచలేదు.

ఇంటికి తిరిగివచ్చేటప్పుడు వెనకసీట్లో రేణు తాత భుజంమీద తలపెట్టి నిద్రపోయింది. దాని జుట్టులోంచి ఇంకా చెరువు వాసన వస్తోంది. ముందుసీట్లోంచి రాధారాణి వెనక్కి తిరిగింది. పొద్దున వదిలేసిన పులిహోర పళ్లెం ఇప్పుడు ఆయన ఒళ్లో ఖాళీగా ఉంది.

“నాన్నా, ఈ కథ బాగుంది కానీ, ఇందులో మొసలి లేదేం?”

దత్తాత్రేయ మనవరాలి తల కదలకుండా సర్దుకుని కూర్చున్నాడు.

“ఉండమ్మా. ఈ కథ రాజమండ్రి చేరడానికి ఇంకా చాలా దూరం ఉంది,” అన్నాడు.